దిగే ముందు

శనివారం ఉదయం ఏడింటికి మాంటెరే బ్రేక్‌వాటర్ దగ్గర కారు పెట్టుకోడానికి చోటు దొరికితే అదృష్టమే. శాన్‌హోసే నుంచి 75 మైళ్ళు. చీకట్లో బయల్దేరి వచ్చినవాళ్ళు అప్పటికే డిక్కీలు తెరిచిపెట్టి, తారు నేల మీద టార్పాలిన్లు పరిచి, బిగుతు రబ్బరు సూట్లలోకి దూరడానికి అవస్థ పడుతుంటారు. ఒకళ్ళ వీపు జిప్పు ఇంకొకళ్ళు లాగుతుంటారు. గోడ చివర రాళ్ళ మీద సీ లయన్లు ఆపకుండా అరుస్తుంటాయి.

బే ఏరియా తెలుగువాళ్ళకి మాంటెరే అంటే అక్వేరియం, సెవెన్‌టీన్ మైల్ డ్రైవ్, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తిప్పి తీసుకొచ్చే ఒకరోజు ట్రిప్. ఆ అక్వేరియంకి మైలు లోపే ఈ చిన్న బీచ్ ఉంది. ఉత్తర కాలిఫోర్నియాలో స్కూబా నేర్చుకునేవాళ్ళలో చాలామంది మొదటిసారి సముద్రంలో తల ముంచేది ఇక్కడే. నేనూ ఇక్కడే నేర్చుకున్నాను.

మొదటి రోజు మా ఇన్‌స్ట్రక్టర్ అందరి చేతికీ ఒక తెల్లటి ప్లాస్టిక్ పలక, తాడు కట్టిన పెన్సిల్ ఇచ్చింది. నీళ్ళలో కూడా రాయొచ్చు. పలక మీద గళ్ళు: చోటు, అల, చలి, లోతు, సమయం, గాలి, తోడు. దిగేముందు అన్నీ నింపాలి. ఆఫీసులో రిలీజ్‌కి ముందు చెక్‌లిస్టు నింపినట్టే నింపేశాను. ఆ గళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయో ఆ రోజు ఆలోచించలేదు. తర్వాత చదువుకుంటూ పోతే తెలిసింది, ఒక్కో గడికీ ఒక చరిత్ర ఉందని. కొన్నిటి వెనక యుద్ధం ఉంది, ఒకదాని వెనక మేకలున్నాయి, చాలావాటి వెనక తిరిగిరాని మనుషులున్నారు. ఈ వ్యాసం ఆ గళ్ళ గురించి.

చోటు

కొత్తవాళ్ళని ఇక్కడికే ఎందుకు తీసుకొస్తారు? మ్యాప్ చూస్తే తెలుస్తుంది. మాంటెరే ద్వీపకల్పం పసిఫిక్‌లోకి మోచెయ్యిలా పొడుచుకొచ్చి ఉంటుంది. వాయవ్యం నుంచి వచ్చే పెద్ద అలలు పాయింట్ పినోస్ దగ్గర ఒళ్ళు విరుచుకుని, మలుపు తిరిగి ఇక్కడికి వచ్చేసరికి చాలా బలం పోగొట్టుకుంటాయి. 1930ల్లో చేపల పడవల కోసం హార్బర్‌కి అడ్డంగా గ్రానైట్ బండలు పోసి కట్టిన గోడ ఈ బ్రేక్‌వాటర్. డైవర్లు దిగేది హార్బర్ వైపు కాదు, గోడకి బయటివైపు. అంటే వాళ్ళని కాపాడేది గోడ కంటే ఎక్కువగా ఆ ద్వీపకల్పమే. గోడ చేసే సాయం వేరు. వెళ్ళేటప్పుడు కుడి భుజం పక్కన ఉంటుంది, వచ్చేటప్పుడు ఎడమ భుజం పక్కన. పది అడుగులు కూడా కనపడని రోజున దారి తప్పకుండా ఉండాలంటే అంతకంటే మంచి దిక్సూచి లేదు. ఇంజనీర్లు పోసిన ఆ బండల సందులే ఇప్పుడు సీ ఎనిమోన్లకీ నక్షత్ర చేపలకీ రాక్‌ఫిష్‌లకీ ఇళ్ళు.

ఇక్కణ్ణించి కారులో పావుగంట దక్షిణానికి వెళ్తే, కార్మెల్ దాటగానే మొనాస్టరీ బీచ్ ఉంది. చూడ్డానికి ఇంతకంటే అందంగా ఉంటుంది. అక్కడ సముద్రగర్భపు లోయ ఒకటి దాదాపు ఒడ్డు దాకా వచ్చేస్తుంది. లోతు నీళ్ళలో బలం తగ్గకుండా వచ్చిన అల నిటారైన గులకరాళ్ళ గట్టు మీద ఒక్కసారిగా విరుగుతుంది. కాలు కింద గులకరాళ్ళు జారిపోతాయి. లేచి నిలబడేలోపు ఇంకో అల. అక్కడ పోయిన ప్రాణాల వల్ల స్థానికులు ఆ పేరు మార్చి ‘మార్చురీ బీచ్’ అంటారు. అదే రోజు, అదే సముద్రం, పావుగంట దూరం.

ఈ తేడాని పుస్తకంగా రాసిన మనిషి బ్రేక్‌వాటర్‌కి నడిచివెళ్ళేంత దూరంలోనే ఉండేవాడు. ఎడ్ రికెట్స్. స్టయిన్‌బెక్ ‘కానరీ రో’ నవల చదివినవాళ్ళకి ఆయన ‘డాక్’గా తెలుసు. రికెట్స్, జాక్ కాల్విన్ కలిసి 1939లో ‘బిట్వీన్ పసిఫిక్ టైడ్స్’ అనే పుస్తకం వేశారు. అప్పటిదాకా ఇలాంటి పుస్తకాల్లో జీవుల్ని వర్గాల వారీగా పెట్టేవాళ్ళు: ఎండ్రకాయలన్నీ ఒక చోట, నత్తలన్నీ ఒక చోట. రికెట్స్ ఆ వరసని పక్కన పెట్టి, అల నేరుగా కొట్టే తీరంలో ఏమేం ఉంటాయి, కాస్త చాటున్న తీరంలో ఏమేం ఉంటాయి, ప్రశాంతంగా ఉండే అఖాతంలో, రేవు స్తంభాల మీద ఏమేం ఉంటాయి అని విభజించాడు. డిగ్రీ కూడా పూర్తిచెయ్యని మనిషి ఇలా రాయడం ఆనాటి పండితులు కొందరికి నచ్చలేదు. ఇప్పుడది ఆ తీరానికి ప్రామాణిక గ్రంథం. రికెట్స్ స్కూబా చెయ్యలేదు. 1948లో కానరీ రో దగ్గరే ఆయన కారుని రైలు గుద్దింది. ఫ్రాన్సులో కూస్తో, గాన్యాఁ 1943లో తయారుచేసిన ఆక్వాలంగ్ అమెరికా కొట్లలోకి వస్తున్న రోజులవి. ఆటుకి నీళ్ళు వెనక్కి తగ్గినంత మేరే ఆయన చూడగలిగాడు. అయినా ఈ రోజు డైవర్ మొదట వేసుకునే ప్రశ్న ఆయన ప్రశ్నే: ఇక్కడ అల ఎలా తగులుతుంది?

అల

ఈ గడిలో రెండు అంకెలు రాయాలి. అల ఎత్తెంత, ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య ఎన్ని సెకన్లు. మొదట్లో నేను ఎత్తు మాత్రమే చూసేవాణ్ణి. అది తప్పు. 3 అడుగులు, 7 సెకన్లు అంటే దగ్గర్లో గాలికి పుట్టిన చిల్లర అల. 3 అడుగులు, 16 సెకన్లు అంటే ఎక్కడో వేల మైళ్ళ అవతల తుఫానులో పుట్టి సముద్రం దాటి వచ్చిన అల. ఎత్తు ఒకటే అయినా రెండోది ఒడ్డుకి చేరేసరికి పైకి లేస్తుంది, బలంగా విరుగుతుంది, 30 అడుగుల కింద ఉన్న మనిషిని కూడా ఉయ్యాల ఊపినట్టు ముందుకీ వెనక్కీ ఊపుతుంది.

ఫోన్‌లో రెండు క్షణాల్లో కనపడే ఈ అంకెల వెనక రెండో ప్రపంచయుద్ధం ఉంది. 1942లో మిత్రదేశాలు ఉత్తర ఆఫ్రికా తీరంలో సైన్యాన్ని దించాలనుకున్నాయి. వాల్టర్ మంక్ అనే కుర్ర శాస్త్రవేత్త అమెరికా తూర్పు తీరంలో జరుగుతున్న రిహార్సల్స్ గమనించాడు. అలలు ఒక ఎత్తు దాటితే పడవలు అడ్డం తిరిగి బోల్తా పడుతున్నాయని ఆ రోజుకి ఆపేస్తున్నారు. సైన్యం నిజంగా దిగబోయే మొరాకో తీరంలో శీతాకాలం అలలు దాదాపు ఎప్పుడూ ఆ ఎత్తు దాటే ఉంటాయని ఆయనకి రికార్డుల్లో కనపడింది. స్క్రిప్స్ సంస్థలో తన గురువు హరాల్డ్ స్వెర్‌డ్రుప్‌తో కలిసి ఒక పద్ధతి కనిపెట్టాడు. ఎంత గాలి, ఎంత సేపు, ఎంత మేర నీటి మీద వీచింది అని తెలిస్తే, ఎన్ని రోజుల తర్వాత ఏ ఒడ్డు మీద ఎంత అల ఉంటుందో చెప్పొచ్చు. సైనిక వాతావరణ అధికారులు ఆ పద్ధతి నేర్చుకున్నారు. 1944లో నార్మండీ తీరానికి లెక్కలు వేసింది అలాగే. 1963లో మంక్ బృందం దక్షిణార్ధగోళంలో తుఫానుల్లో పుట్టిన అలల్ని దీవి తర్వాత దీవి మీద కొలుచుకుంటూ అలాస్కా దాకా వెంబడించింది.

సైనికుల్ని ఏ రోజు దించకూడదో తెలుసుకోడానికి పుట్టిన లెక్క, ఇప్పుడు వారాంతం డైవర్ ఏ రోజు ఇంట్లో ఉండిపోవాలో చెబుతోంది.

అంకెలు చూశాక కూడా ఒడ్డున కనీసం ఇరవై నిమిషాలు నిలబడి చూడాలి. అలలు గుంపులుగా వస్తాయి. పది నిమిషాలు చెరువులా ఉన్న నీళ్ళలోకి, ఎక్కడా లేనట్టు నాలుగైదు పెద్దవి వరసగా వచ్చేస్తాయి. ప్రశాంతంగా ఉన్న ఆ పది నిమిషాలు మాత్రమే చూసి దిగినవాళ్ళు చిక్కుల్లో పడతారు.

చలి

విశాఖ సముద్రం 28 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మాంటెరేలో 10 నుంచి 14. వసంతంలో వాయవ్యపు గాలి పైనీళ్ళని తీరం నుంచి అవతలకి తోస్తుంది, ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకి వస్తాయి. వాటితోపాటు పోషకాలు, వాటిని తిని పెరిగే ప్లాంక్టన్. అందుకే ఎండ బాగా కాసే రోజుల్లో నీళ్ళు పెసరకట్టులా ఉంటాయి. అక్టోబర్, నవంబర్‌లలో తేటపడతాయి. కొత్తవాళ్ళు మొదటి డైవ్‌కి ఆ నెలలు ఎంచుకోవడం మేలు. నీళ్ళు మన ఒంటి వేడిని గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తాయి. వణుకుతున్న మనిషి గాలి ఎక్కువ పీలుస్తాడు, సరిగ్గా ఆలోచించలేడు. చలి అసౌకర్యం మాత్రమే అనుకుంటే పొరపాటు.

ఈ చలి సంగతి ముందుగా తెలుసుకున్న డైవర్లు జపాన్ నుంచి వచ్చారు. 1897లో చిబా ప్రాంతం నుంచి గెన్నొసుకె కొదానీ అనే ఆయన ఇక్కడికొచ్చాడు. పాయింట్ లోబోస్ దగ్గర అడుగునిండా అబలోనీలు. పళ్ళెమంత గుల్లలో బండకి అతుక్కుని ఉండే నత్తజాతి జీవి అది. కొదానీ తన ఊరివైపు నుంచి డైవర్లని రప్పించాడు. మొదట వచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టి మునిగేవాళ్ళు. ఈ నీళ్ళలో అది సాగలేదు. చిబా తీరంలో అప్పటికే అలవాటైన ఇత్తడి శిరస్త్రాణం, కాన్వాస్ సూటు, సీసపు బూట్లు రప్పించారు. కింద ఒక్కడు, పైన పడవలో మనుషులు: ఒకరు గాలి పంపు తిప్పాలి, ఒకరు తాడు పట్టుకోవాలి, ఒకరు తెడ్డు వెయ్యాలి. తాడు ఎన్నిసార్లు లాగితే ఏమిటన్నది సంకేతం. తాడు పట్టుకున్నవాడి మీద ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించండి. స్థలం సొంతదారు అలన్‌తో కలిసి కొదానీ అక్కడే కానరీ నడిపాడు. 1930లో చనిపోయాడు. కానరీ మూతపడినా మాంటెరేలో జపనీస్ డైవర్ల పని ఆగలేదు.

మంక్ అలల లెక్కలు వేస్తున్న ఆ 1942లోనే, ఫిబ్రవరి 19న, రూజ్వెల్ట్ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ 9066 మీద సంతకం పెట్టాడు. పడమటి తీరంలోని జపాన్ సంతతివాళ్ళందర్నీ, అమెరికాలో పుట్టిన పిల్లలతో సహా, తరలించారు. మాంటెరే కుటుంబాలు సాలినాస్‌లో రోడియో మైదానంలో వేసిన శిబిరానికి వెళ్ళాయి. అక్కణ్ణించి ఎక్కువమందిని అరిజోనా ఎడారిలోని పోస్టన్‌కి పంపారు. సముద్రం అడుగు తెలిసిన మనుషుల్ని నీళ్ళే లేని చోటికి. నలభై ఏళ్ళకు పైగా ఈ రాళ్ళ మధ్య పనిచేసిన వాళ్ళ గురించి నా శిక్షణ పుస్తకంలో ఒక్క వాక్యం లేదు. అందులో డైవింగ్ చరిత్ర కూస్తోతో మొదలవుతుంది.

మనం వేసుకునే సూటు కథ అయితే యుద్ధం తర్వాతది. బర్కిలీలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉండేవాడు. అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసి వచ్చినవాడు. నేవీ ఈతగాళ్ళ చలి సమస్య మీద 1951 ప్రాంతంలో పనిచేస్తూ ఒక సంగతి పట్టుకున్నాడు: ఒళ్ళు తడవకుండా ఉండాల్సిన పనేమీ లేదు. వేడిని ఆపేది పొడితనం కాదు, రబ్బరులో చిక్కుకున్న చిన్న చిన్న గాలిబుడగలు. అలా నియోప్రీన్ సూటు వచ్చింది. ఆయన పేటెంటు తీసుకోలేదు. జాక్ ఓనీల్ లాంటివాళ్ళు దాన్ని వ్యాపారం చేశారు.

ఆ బుడగలతో ఒక చిక్కు ఉంది. లోతుకి వెళ్ళేకొద్దీ నలుగుతాయి. పైన తేలుతున్న మనిషి 30 అడుగుల దగ్గర బరువెక్కుతాడు, సూటు కూడా పల్చబడి చలి పెరుగుతుంది. అందుకే మందపాటి సూటు వేసుకున్నవాళ్ళు ఎంత సీసం కట్టుకోవాలో ఒడ్డు దగ్గర నిలువెత్తు నీళ్ళలో తేలి చూసుకోవాలి. ఇంకొకరి లెక్క పనికిరాదు.

లోతు, సమయం

నా పలక మీద రాసింది: లోతు 35 అడుగులు, సమయం 30 నిమిషాలు. కొత్త సర్టిఫికెట్ వాళ్ళకి 60 అడుగులు హద్దు. మొదటి డైవ్‌కి అందులో సగం చాలు.

33 అడుగుల దగ్గర ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. అక్కడ ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలు అవుతుంది. ఊపిరితిత్తులు చిరుగుతాయి. దానికి ఈతకొలనంత లోతు కూడా చాలు. అందుకే స్కూబాలో మొట్టమొదటి నియమం: ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు. ఈ సూత్రం రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించాడు. తర్వాత ఆయన ఒక పాముని గాజు పాత్రలో పెట్టి గాలి లాగేసినప్పుడు దాని కంట్లో ఒక బుడగ కదలడం చూశాడు. ఆ బుడగ ఎంత మందిని చంపబోతోందో తెలియడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది.

వంతెనల పునాదులు తవ్వడానికి నది అడుగున గాలి నింపిన పెట్టెల్లో పనిచేసిన కూలీలు పైకొచ్చాక కీళ్ళ నొప్పులతో వంగిపోయేవాళ్ళు. కొందరికి కాళ్ళు పడిపోయేవి, కొందరు చనిపోయేవాళ్ళు. ఒత్తిడిలో రక్తంలో కరిగిన నైట్రోజన్, ఒత్తిడి తగ్గగానే సోడా సీసాలోలా బుడగలు కడుతోందని పాల్ బెర్ట్ 1878లో రాశాడు. మరి ఎంత మెల్లగా పైకి రావాలి? జాన్ స్కాట్ హాల్డేన్ బ్రిటిష్ నేవీ కోసం మేకల మీద ప్రయోగాలు చేశాడు. నొప్పి పుట్టిన మేక ముందరి కాలు ఎత్తి పట్టుకుంటుంది. ఆ ఎత్తిన కాళ్ళు లెక్కపెట్టి 1908లో మొదటి పట్టికలు వేశారు. నా చేతి కంప్యూటర్‌లో ఉన్న గణితం ఆ పట్టికల వారసురాలే.

పైకొచ్చే వేగం సంగతి ఇంకా వింత. 1950ల్లో అమెరికన్ నేవీ కొత్త పట్టికలు తయారుచేస్తోంది. నేవీ ఈతగాళ్ళ నాయకుడు ఫేన్ తన మనుషులు నిమిషానికి 100 అడుగులో అంతకంటే ఎక్కువో పైకి రావాలన్నాడు. శిరస్త్రాణం డైవర్లు అది కుదరదన్నారు. అంత బరువు సూటున్న మనిషిని తాడుతో లాగాలి, నిమిషానికి 25 అడుగులే సాధ్యం. వాదించుకుని, వాదించుకుని 60 దగ్గర రాజీపడ్డారు. నిమిషానికి 60, అంటే క్షణానికి ఒక అడుగు. గుర్తుపెట్టుకోడానికి తేలిక. ఆ అంకెని ప్రపంచమంతా దశాబ్దాల పాటు శరీరధర్మ శాస్త్రం అనుకుంది. తర్వాతి పరిశోధనలు అది ఎక్కువ వేగమని చూపించాక 30కి తగ్గించారు. 15 అడుగుల దగ్గర మూడు నిమిషాలు ఆగడం కూడా అలా చేరిందే. నియమం అనగానే అదేదో శిలాశాసనం అనుకుంటాం. కొన్ని నియమాలు మీటింగులో అలిసిపోయిన మనుషుల మధ్య కుదిరిన ఒప్పందాలు. అయినా పాటించాలి, ఇంకా మెరుగైంది వచ్చేదాకా.

గాలి

తొలినాళ్ళ స్కూబాలో ఎంత గాలి మిగిలిందో చూసే మీటర్ సాధారణంగా ఉండేది కాదు. పీల్చడం బరువైతే అయిపోతున్నట్టు లెక్క. అప్పుడు వెనక్కి చెయ్యి పెట్టి ఒక కమ్మీ లాగితే, దాచిపెట్టిన కాస్త గాలి వచ్చేది. ఆ కమ్మీ ఎప్పుడో దేనికో తగిలి ముందే కిందికి జారిపోయి ఉంటే? దాచిన గాలి అప్పటికే అయిపోయిందని లాగినప్పుడే తెలిసేది. 1960ల్లో మీటర్లు వాడుకలోకి వచ్చాయి.

ఇప్పుడు మీటర్ ఉంది కాబట్టి లెక్క వేసుకోవచ్చు. మామూలు అల్యూమినియం సిలిండర్‌లో సుమారు 2200 లీటర్ల గాలి పడుతుంది. కంగారు లేని మనిషికి పైన నిమిషానికి 20 లీటర్లు కావాలనుకుంటే, 33 అడుగుల దగ్గర 40. మొత్తం 55 నిమిషాలు. అంతసేపూ ఉండొచ్చని కాదు. మొదటిసారి దిగినవాడు 20 లీటర్లతో సరిపెట్టుకోలేడు. నేనైతే రెండు బస్తాలు మోసినవాడిలా పీల్చాను. అందుకే మూడో వంతు లెక్క: 3000 మీటర్‌తో మొదలుపెడితే 2000కి వెనక్కి తిరగాలి, 1000 మిగిలి ఉండగా ఒడ్డుకి చేరాలి. మిగిలిన వంతు నాకోసం కాదు, నా తోడు గాలి అయిపోతే ఇద్దరం కలిసి వాడుకోడానికి. ఈ సూత్రం ఫ్లోరిడా గుహల్లోంచి వచ్చింది. అక్కడ డైవర్లు వరసగా చనిపోతుంటే షెక్ ఎక్స్‌లీ అనే డైవర్ ఒక్కో మరణాన్నీ తిరగేసి, ఎక్కడ తప్పు జరిగిందో విడమరిచి 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. వెనక్కొచ్చే గాలి ఉంచుకోకపోవడం ఆయన తేల్చిన ప్రధాన కారణాల్లో ఒకటి.

ఒడ్డు నుంచి దిగేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. పడవ డైవ్‌లో పైకొస్తే పడవ ఉంటుంది. ఒడ్డు డైవ్‌లో వెళ్ళినంత దూరం వెనక్కి రావాలి, చివర్లో అలల్ని దాటాలి. అప్పటికి ఒంట్లో ఓపిక, సిలిండర్‌లో గాలి రెండూ ఉండాలి.

తోడు

ఆక్వాలంగ్ అమెరికాకి వచ్చిన కొత్తలో దాన్ని క్రీడాసామాన్ల కొట్లో కొనుక్కుని, ఏ శిక్షణా లేకుండా నేరుగా సముద్రంలోకి వెళ్ళేవాళ్ళు. దానికి పద్ధతి తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది కాన్రాడ్ లింబాని. స్క్రిప్స్‌లో జీవశాస్త్రం చదువుతూ, కెల్ప్ అడవుల్లో తిరుగుతూ, తోటి విద్యార్థులకి డైవింగ్ నేర్పే పాఠాలు తయారుచేశాడు. లాస్ ఏంజలెస్ కౌంటీ నుంచి అల్ టిల్‌మన్, బెవ్ మోర్గన్ ఆయన దగ్గరకొచ్చి నేర్చుకుని, 1954లో మామూలు జనం కోసం శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టారు. 1960లో నావీ అనే సంస్థ, 1966లో పాడీ వచ్చాయి. ఇద్దరుగా దిగు, ఇద్దరుగా రా, కనపడకపోతే ఒక నిమిషం వెతికి పైకి రా. ఈ పాఠాల వంశవృక్షంలో లింబా మొదటి కొమ్మల్లో ఉంటాడు.

ఆ లింబా 1960 మార్చిలో ఫ్రాన్సు దక్షిణ తీరంలో, కసీ దగ్గర పోర్ మియూ అనే నీటి గుహలోకి దిగి దారి తప్పాడు. బయటికి రాలేదు.

ఇది చదివినప్పుడు చాలాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. నియమాలు రాసిన మనిషికి నియమాలు తెలియక కాదు కదా. తెలిసి ఉండటం వేరు, ఆ రోజు ఆ నీళ్ళ ముందు నిలబడి పాటించడం వేరు. ఆ రోజు లోపల ఏం జరిగిందో మనం తీర్పు చెప్పలేం. కానీ అనుభవం కవచం కాదని ఆ మరణం చెబుతుంది.

లింబా పోయిన ఆ 1960లోనే, పాయింట్ లోబోస్‌లో నీటి అడుగు భాగాన్ని కూడా రక్షిత ప్రాంతం చేశారు. అమెరికాలో అలాంటి తొలి ప్రాంతాల్లో అదొకటి. అక్కడ ఇవాళ్టికీ ముందుగా బుక్ చేసుకుని, సర్టిఫికెట్ చూపించి, తోడుతోనే దిగాలి. దిగే చోటు వేలర్స్ కోవ్. కొదానీ మనుషులు పడవలు దింపిన చోటు.

కింద ఏముంది

పలక మీద ఈ గడి లేదు. ఉండాల్సింది.

కొదానీ చూసిన అబలోనీ గుట్టలు కూడా ఒక చరిత్ర ఫలితమే. అబలోనీల్నీ ముళ్ళబంతుల్లాంటి సీ అర్చిన్లనీ తినేది సీ ఆటర్, సముద్రపు నీటికుక్క. బొచ్చు కోసం వేటగాళ్ళు వాటిని దాదాపు తుడిచిపెట్టేశారు. తినేవాడు లేక అబలోనీలు పేరుకుపోయాయి. ఇక లేవనుకున్న ఆటర్లు 1938లో బిగ్ సర్ దగ్గర బిక్స్‌బీ క్రీక్ ముఖద్వారంలో ఒక చిన్న గుంపుగా కనిపించాయి. ఇప్పుడు మాంటెరే అంతటా కెల్ప్ ఆకులు ఒంటికి చుట్టుకుని నిద్రపోతూ కనపడేవి వాటి సంతానమే. 2013 తర్వాత జబ్బొచ్చి నక్షత్ర చేపలు కుప్పలుగా చచ్చిపోయాయి, వెంటనే సముద్రం వేడెక్కింది, అర్చిన్లు విజృంభించి కెల్ప్ నమిలేశాయి. ఉత్తరాన వందల మైళ్ళ మేర అడవి పోయింది. మాంటెరేలో అక్కడక్కడ మిగిలిందంటే అందులో ఆటర్ల చలవ ఉంది. నేను గోడ పక్కన తల ముంచి చూసిన ఆ పచ్చటి స్తంభాలు, వాటి మధ్యనుంచి పడే ఎండ, ఎప్పటినుంచో అలాగే ఉన్నవి కావు. పోతూ, వస్తూ, మళ్ళీ పోతూ ఉన్నవి.

చివరి గడి

సర్టిఫికెట్ వచ్చాక మొదటిసారి ఇన్‌స్ట్రక్టర్ లేకుండా వెళ్ళాం, నేనూ నా స్నేహితుడూ. అతనిది కాకినాడ. సముద్రం చూస్తూ పెరిగినవాడు. అంకెలు 4 అడుగులు, 15 సెకన్లు. బోర్డర్‌లైన్ అనుకున్నాం. ఒడ్డున నిలబడి చూస్తున్నాం. మొదటి పావుగంట బానే ఉంది. తర్వాత అయిదు అలలు వరసగా వచ్చి, మెట్ల దాకా నురగ కొట్టి వెళ్ళాయి. మళ్ళీ నిశ్శబ్దం. అతను సూటు సగం వేసుకుని ఆగిపోయాడు.

“నాకెందుకో బాలేదురా. వద్దు.”

“ఇంత దూరం వచ్చాం కదరా. అటు చూడు, వాళ్ళు దిగుతున్నారు.”

“వాళ్ళు దిగనీ.”

శిక్షణలో చివర చెప్పే నియమం ఇదొకటి: ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణానికైనా డైవ్ ఆపొచ్చు. ఎందుకని అడక్కూడదు. వినడానికి మర్యాదలాగా ఉంటుంది. పార్కింగ్‌కీ సిలిండర్లకీ డబ్బు కట్టి, నాలుగింటికి లేచి వచ్చినప్పుడు అంత కష్టమైన నియమం ఇంకోటి లేదు. మనకైతే ‘ఇంత దూరం వచ్చి’ అనే మాట మరీ బలమైంది. పెళ్ళికి వెళ్ళినా, గుడికి వెళ్ళినా, కొండెక్కినా అదే మాట మనల్ని ముందుకి తోస్తుంది.

నాకు కోపం వచ్చింది. దాచుకోలేదు. సామాను సర్దేశాం. ఫిషర్‌మన్స్ వార్ఫ్‌లో వేడి చౌడర్ తాగుతూ అతను ఏదేదో మాట్లాడాడు, నేను ముక్తసరిగా జవాబులిచ్చాను. మధ్యాహ్నం వెనక్కి వెళ్తూ బ్రేక్‌వాటర్ పక్కనుంచి పోతుంటే, పొద్దున దిగినవాళ్ళు సిలిండర్లు కడుక్కుంటూ నవ్వుకుంటున్నారు. వాళ్ళకేం కాలేదు. దిగి ఉంటే మాకూ ఏం కాకపోయేదేమో. అది ఎప్పటికీ తెలియదు.

లాగ్‌బుక్‌లో దిగిన డైవ్‌లే రాస్తాం: నంబరు, లోతు, సమయం, చూసినవి. దిగని రోజుకి అందులో పేజీ లేదు. మేకల కాళ్ళు లెక్కపెట్టారు, మరణాలు లెక్కపెట్టారు, అలలు లెక్కపెట్టారు. ఆగిపోయి బతికినవాళ్ళని లెక్కపెట్టే దారి ఎవరికీ లేదు. నేను మాత్రం ఆ రోజు తారీఖు వేసి ఒక పేజీ రాసుకున్నాను. చోటు: బ్రేక్‌వాటర్. అల: 4 అడుగులు, 15 సెకన్లు. లోతు: సున్నా. గాలి: 3000, అంతా మిగిలింది. తోడు అన్నచోట అతని పేరు రాశాను.